చక్రం దిగిన నీళ్లు

ఆ వానకాలం మా ఊళ్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. అది ఆగిన రోజు నుంచే మా ఇంట్లో చప్పుడు మొదలైంది.

తుంగభద్ర ఎడమ కాలువ నుంచి చీలిన పిల్లకాలువ ఒకటి జవళగేర దాటి మా ఊరికి వస్తుంది. ఊరికి కాస్త ఎగువన అది ఒక్కసారిగా రెండు నిలువుల లోతుకు దూకుతుంది. కాలువ వాళ్లు దాన్ని డ్రాపు అనేవారు, మేమూ అదే అన్నాం. కాలువలో నీళ్లున్నంత కాలం ఇంట్లో అందరం గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్లం. కాలువ కట్టేసిన రోజు అలవాటుగా అదే గొంతుతో పిలుచుకుని నవ్వుకునేవాళ్లం.

జగన్నాథంగారు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్న మనిషి. సింధనూరులో మిల్లులన్నీ ఆయిలింజన్ల మీద నడుస్తున్న రోజులవి. ఆయన డ్రాపు దగ్గర నిలబడి, ఇంత బలం రాళ్లపాలవుతోందే అని తల పట్టుకున్నాడట. కాలువ ఆఫీసు నుంచి అనుమతి తెచ్చాడు. డ్రాపు పక్కన బావిలాంటి రాతి గది కట్టించి, అందులోకి ఇనుప టర్బైను దించాడు. పైన రేకుల షెడ్డు, షెడ్డులో వడ్లు ఆడే హల్లరు. చక్రం చూసుకోవడానికి మనిషి కావలసివచ్చింది. మునిరాబాద్‌లో ఫిట్టర్ల దగ్గర రెండేళ్లు పనిచేసి వచ్చిన మా ఆయన్ని పెట్టుకున్నాడు.

మొదలుపెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టాక, జనమంతా వెళ్లిపోయాక, మా ఆయన నన్ను గది అంచుకు తీసుకుపోయి చూపించాడు. గది అడుగున చక్రం చుట్టూ ఇనుప పలకలు వరసగా నిలబడి ఉన్నాయి, ఓరగా తెరిచిన తలుపుల్లా. గేటు ఎత్తగానే గది నిండింది. నీళ్లు ఆ పలకల సందుల్లోంచి పక్కవాటుగా దూసుకుపోయి, నడుమనున్న చక్రపు వంకర రెక్కల మీద పడతాయి. రెక్క నీటిని వంచుతుంది. వంగేటప్పుడు నీరు రెక్కను తోస్తుంది. తోసి, తోసి, తన జోరంతా అక్కడ పెట్టేసి, అడుగున ఉన్న గొట్టంలోంచి మెల్లగా దిగిపోతుంది. చక్రం నుంచి నిటారుగా లేచిన ఇరుసు షెడ్డు నేల దాటి పైకి వచ్చి, పళ్ల చక్రాల దగ్గర మలుపు తీసుకుని, బెల్టుతో హల్లరును తిప్పుతుంది.

“నీళ్లకు దుంకుడు తప్పదు. నిన్నటిదాక రాళ్ల మీద బేకార్ దుంకుతుండె. ఇప్పుడు రెక్కల మీద దుంకుతది. గంతే ఫరక్” అన్నాడు.

కింది గొట్టం మూతి ఎప్పుడూ నీళ్లలో మునిగే ఎందుకుండాలని అడిగాను.

“పైనుంచి నూకుడే గాదు, కింద నుంచి గుంజుడు గూడ ఉంటది. మూతి గాలికి పెడ్తే ఆ గుంజుడు పోతది.”

ఆయన మొహం ఆ రోజు వెలిగిపోతోంది. నేను మాత్రం ఇంకేదో వింటున్నాను. బెల్టు చప్పుడు వినబడుతోంది, హల్లరు చప్పుడు వినబడుతోంది. డ్రాపు వినబడడం లేదు.

కిందికి వచ్చేసరికి ఊరి మగవాళ్లు సగం మంది కాలువ గట్టున ఉన్నారు. కాలువ ఎండిపోయిందనుకుని పరుగెత్తి వచ్చారట. నీళ్లున్నాయి. ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి. కానీ నురుగు లేదు, సుడి లేదు. మా మామగారు సూగప్ప గట్టు దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూశాడు. పారబోశాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అన్నాడు.

“చెరుకు గానుగల పెడ్తే రసమొక దిక్కు, పిప్పొక దిక్కు. రసం ఆయన మిల్లుకు. పిప్పి మన వరి గద్దెకు.”

“నాయినా, చెరుకు నలుగుతది. నీళ్లు తగ్గినయా? పైన ఎన్నొచ్చినయో కింద అన్నే పోతున్నయి గద” అన్నాడు మా ఆయన.

“పిప్పి గూడ చెరుకంత పొడుగే ఉంటది కొడుకా.”

అత్త యంకవ్వ మధ్యలో మజ్జిగ పోసి మాట మళ్లించబోయింది. మళ్లలేదు. ఆ మాట మర్నాటికే ఊరంతా పాకింది.

ఆ ఏడు భాద్రపదమంతా ముసురు. సూర్యుడు మొహం చూపించలేదు. నాటిన పైరు తేరుకోవలసిన సమయానికి మా రెండెకరాల వరిమడి, మా మాటలో గద్దె, పసుపుపచ్చకు తిరిగింది. పక్క గద్దె పంపన్నది, అదీ అంతే. ఎండ లేక అని మా ఆయన అన్నాడు. కాలువ వచ్చినప్పటి నుంచి ముసురు పట్టని ఏడాది ఉందా, అప్పుడెప్పుడూ లేని పసుపు ఇప్పుడే ఎందుకొచ్చింది అని మామగారు అన్నాడు. ఎవరి మాట నిజమో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిందల్లా, ఇద్దరిలో ఎవరు ఓడినా పగిలేది మా ఇల్లే అని.

పంపన్న పదిమందిని వెంటేసుకుని మిల్లుకు వెళ్లాడు. జగన్నాథంగారు మర్యాదగానే కూర్చోబెట్టి, టీ తెప్పించి, గది అంచుకు తీసుకుపోయి అంతా చూపించాడట.

“చూడండయ్యా, నీళ్లు నేనేమన్నా తాగేస్తున్నానా? ఒక్క చుక్క తగ్గితే నన్నడగండి.”

“నీళ్లు తాగుతలేవు సావుకారీ. నీళ్ల పానం తాగుతున్నవు” అన్నాడు పంపన్న.

జగన్నాథంగారు నవ్వాడు. నవ్వకుండా ఉండవలసింది. ఆ నవ్వు గట్టు దిగి ఊళ్లోకి వచ్చేసరికి పదింతలైంది. ఆ రాజీ మాటలు అక్కడితో సరి. ఆయన కూడా పంతానికి పోయి, డ్రాపు పక్కన వట్టినే నీళ్లు వదిలే చిన్న తూము ఒకటి ఉంటే దాని పలక దింపేయించాడు. కాలువలో ప్రతి చుక్కా చక్రం మీదుగానే పోవాలన్నాడు. అప్పుడప్పుడూ ఆ తూము పలక ఎత్తి దించకపోతే ఒండ్రు పట్టి బిగుసుకుంటుందని మా ఆయన చెప్పిచూశాడు. జగన్నాథంగారు ఆ మాట చెవిన పెట్టలేదు.

మామగారు కొడుకుతో మాట మానేశాడు. ఒకే ఇంట్లో నలుగురం. తండ్రి మాట అత్త నాకు చెప్పేది, నేను మా ఆయనకు చెప్పేదాన్ని. జవాబు అదే దారిన తిరిగి వెళ్లేది. అలా ఒకరోజు వచ్చిన కబురు ఇది: కంకి తాలు పోతే, కొడుక్కి ఆ చక్రమో ఈ ఇల్లో ఒకటే ఉండాలి, రెండూ కుదరవు.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. పొద్దున్నే గద్దెకు పోయి, ఒక పిలక తెంపి, పొట్ట చీల్చి లోపలి లేత కంకిని గోటితో విప్పి చూసేదాన్ని. ఏం తెలుస్తుంది? పాలు పట్టేదాకా గింజ గట్టిదో తాలో దేవుడికి కూడా తెలియదు. అయినా పోయేదాన్ని, అయినా చీల్చేదాన్ని. అత్త ఒకసారి చూసి, ఇట్ల రోజొకటి తెంపితే కోతకు ఏం మిగలదు అంది.

అత్త మనసులో వేరే ఆలోచన ఉంది. శీగి హుణ్ణిమ నాడు బయటపెట్టింది.

శీగి హుణ్ణిమ అంటే పొట్టమీదున్న పైరుకు సీమంతం చేసే పండగ. గద్దె కడుపుతో ఉంటుంది కాబట్టి ఆ పౌర్ణమికి సజ్జరొట్టె, కడుబులు, పుంటికూర వండుకుని పొలానికి పోతారు. పూజచేసి, నాలుగు దిక్కులా అన్నం చల్లి, గట్టు మీద కూర్చుని తింటారు. ఆ ఏడు మామగారు ముందే పొలానికి వెళ్లాడు. అత్త పెట్టె అడుగు నుంచి ఆకుపచ్చ చీర తీసింది. పసుపు, గాజులు, రవికగుడ్డ, బియ్యం గంపలో సర్దింది. గంప నా నెత్తిన పెట్టి, పొలం దారి వదిలి కాలువ ఎగువకు నడిచింది.

గద్దెకు కాదా అని అడిగాను.

“గంగమ్మకు. చక్రం దిగినంక నీళ్లు బాలింత లెక్క అయితున్నయి. నీకు సమజ్ అయితలేదా? సత్తువంత ఆడనే పోతున్నది. ఒడి నింపితే మల్ల వస్తది.”

అలాగైతే మిల్లుకు దిగువన, నీళ్లు బయటికొచ్చే చోట ఒడి నింపాలి కదా అన్నాను.

అత్త నన్ను జాలిగా చూసింది.

“కాన్పుకు ముందుగాల ఒడి నింపుతరా, కాన్పయినంక నింపుతరా?”

గేటుకు ఎగువన మెట్ల మీద కూర్చున్నాం. అత్త పసుపు కుంకుమ నీళ్లలో వేసి, బియ్యం, గాజులు చీర కొంగులో ముడివేసి, చీరను రెండు చేతులా నీళ్ల మీద పరిచింది. చక్రానికి ముందు ఇనుప కటకటాలు ఉంటాయి. చీర అక్కడ ఆగుతుందని, ఆగితే మిల్లు దగ్గరివాళ్లెవరైనా తీసి ఏ ముత్తయిదువకో ఇస్తారని అత్త లెక్క. చీర కాసేపు గాలి నింపుకుని ఉబ్బి తేలింది. తరువాత ముడి బరువుకు కొంగు మునిగింది. కొంగు వెనకే చీరంతా మునిగింది. కటకటాల దగ్గర ఏమీ కనిపించలేదు. అవి కొమ్మలకూ దుంగలకూ పెట్టినవి. తడిసిన చీరకు నాలుగు వేళ్ల సందు చాలదూ?

“తీసుకున్నది” అంది అత్త, కళ్లు మూసుకుని.

అత్త పొలానికి వెళ్లింది. నేను మా ఆయన తిండి గిన్నె పట్టుకుని మిల్లుకు వెళ్లాను. జగన్నాథంగారు సింధనూరులో ఉన్నాడు. పండగని కూలీలు రాలేదు. షెడ్డులో మా ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను గడప దాటుతుండగానే హల్లరు గొంతు మారింది. మొదట బరువుగా మూలిగింది. తరువాత బెల్టు కీచుమంది. ఆయన గదిలో పలకలు తెరిచే చేతిచక్రం పూర్తిగా తిప్పాడు. మరిన్ని నీళ్లు ఇచ్చినా ఇరుసు ఇంకా నెమ్మదించింది. బెల్టు జారి కింద పడింది. ఇరుసు ఆగిపోయింది. గదిలో నీళ్లు నిండుగా ఉన్నాయి, బలం ఉంది, తిరిగేది లేదు.

“ఏందో సుట్టుకున్నది” అన్నాడు.

నేను చెప్పాను. ఆకుపచ్చ చీర అని చెప్పాను. ఆయన బయటికి పరుగెత్తి గేటు దించేశాడు. గదిలో నీళ్లు గొట్టంలోంచి దిగిపోయాయి. ఇప్పుడు కాలువ నీళ్లు పోవడానికి పక్క తూము ఎత్తాలి. ఎత్తబోయాడు. కదలలేదు. గడ్డపారతో కొట్టాడు, భుజం పెట్టాడు. ఒండ్రు పట్టి పలక రాయిలా బిగుసుకుంది. గేటు వెనక నీళ్లు పెరుగుతున్నాయి. కింద కాలువలో తగ్గుతున్నాయి. పైరు పొట్ట మీద ఉంది.

“పంపన్నోళ్లు ఇంకో గడియల ఈడ ఉంటరు. ఆలోపు తీసేస్త. నువ్వు గేటు పిడి కాడ నిలబడు. ఎవ్వరొచ్చినా ముట్టనియ్యకు.”

పిడి ఊడదీసే రకం కాదు. కొడవలి నోట కరుచుకుని ఇనుప నిచ్చెన దిగి గదిలోకి పోయాడు. నేను గేటు మీదికెక్కాను. అక్కడి నుంచి గది లోపలికి కనబడదు. గేటు అంచుల్లోంచి కారే నీళ్ల బుసలో లోపలి మాట వినబడదు.

వాళ్లు గడియ కూడా ఆగలేదు. పూజలు మధ్యలో వదిలేసి వచ్చారు. చేతుల్లో గడ్డపారలు, నుదుట పసుపు. ముందు మామగారు, పక్కన పంపన్న, వెనక ఇరవైమంది దాకా. గేటు మూసి ఉండడం చూశారు, కట్ట అంచుకు వచ్చిన నీళ్లు చూశారు. పానం తాగింది చాలక ఇప్పుడు నీళ్లే ఆపారు అని వెనక ఎవరో అన్నారు. ఎవడిదిరా ఈ పని అని ఇంకెవరో.

నేను కొంగు తల మీదికి లాక్కుని పిడిని పట్టుకుని నిలబడ్డాను. మామగారు నాకు నాలుగడుగుల దూరంలో ఆగాడు. మావైపు కోడలు మామతో మాట్లాడదు. మామా కోడలితో నేరుగా మాట్లాడడు. ఆయన నా పక్కనున్న గాలితో అన్నాడు.

“పక్కకు జరగమను.”

చెప్పడానికి మధ్యన ఎవరూ లేరు. తల అడ్డంగా ఊపాను. ఆయన చూడలేదో, చూసీ లెక్కచేయలేదో. పంపన్న నా చేతులు తప్పించాడు, మొరటుగా కాదు, పిల్లను పక్కన కూర్చోబెట్టినట్టు. మామగారు పిడి అందుకుని తిప్పాడు. మర ఒక చుట్టు కదిలింది. ఇంకో చుట్టు. గేటు అడుగున నీళ్లు తెల్లగా చిమ్మాయి.

నా నోట్లోంచి మాట వచ్చింది.

“మామా, అమరప్ప చక్రంల ఉన్నడు.”

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు నేను పలకలేదు. పంపన్న నన్ను చూశాడు. మామగారు నన్ను చూడలేదు. ఆయన చేతులు మాత్రం ఆగాయి. నేనేం చెప్పానో ఆయనకు వెంటనే అర్థమైందనుకోను. ఆ పేరు ఆ గొంతులో వినబడడం వల్ల ఆగాడు. తరువాత అర్థమైంది.

పిడిని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఎత్తేటప్పుడు తేలిగ్గా వచ్చిన గేటు దిగేటప్పుడు మొరాయించింది. అడుగున ఏదో కొమ్మ చేరింది. పంపన్న ఎదురు వైపు నుంచి పట్టాడు. ఇద్దరూ పిడి మీద వేలాడారు. కొమ్మ విరిగిన చప్పుడు నాకు కాళ్లలో తెలిసింది. చిమ్మడం ఆగింది.

నేను వెంటనే షెడ్డులోకి పరుగెత్తాను. ఇరుసు పావు చుట్టు తిరిగి ఉంది. పావు చుట్టే. నిచ్చెన మీద మొదట ఎడమచెయ్యి కనబడింది, తరువాత తల. మోకాళ్లదాకా తడి, భుజం మీద ఆకుపచ్చ పీలికలు. కుడిచేతి వేళ్లు మూడు ఒకదానిమీదొకటి ఒరిగి, ఎవరివో అన్నట్టు ఉన్నాయి.

“తీసిన” అన్నాడు.

మామగారు గడపలో నిలబడి ఉన్నాడు. కొడుకు చేతిని చూశాడు. తన నెత్తి రుమాలు విప్పి నాకు అందించాడు. నేను కడుతుంటే ఆయన నిచ్చెన దగ్గరికి పోయి, ఎవరూ ఆపేలోపు గదిలోకి దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. రాతి గోడల మధ్య ఆయన దగ్గు ఒక్కసారి వినబడింది. పైకి వచ్చేసరికి షెడ్డు నిండా జనం.

“ఏమున్నది సూగప్పా లోపల?” అని పంపన్న అడిగాడు.

“ఇనుము.”

“ఇంకేం లేదా?”

“నా కొడుకు నెత్తురున్నది. కడిగొచ్చిన.”

అత్త అప్పుడే రొప్పుతూ వచ్చింది. పీలికలు చూసింది, చెయ్యి చూసింది. ఏడుస్తూనే, నేను గంగమ్మకిస్తే ఈ చక్రం కట్టుకున్నది అని ఇనుమును తిట్టింది.

కట్ట మీద నీళ్లు పొర్లబోతున్నాయి. గేటు తెరవక తప్పదు. మామగారు మళ్లీ పిడి పట్టుకున్నాడు, పట్టుకుని నిలబడిపోయాడు. పంపన్న తొందరపెట్టాడు. ఆయన కదలలేదు. నా వైపు తిరిగాడు.

“అందరు బయట ఉన్నరా?”

మా ఆయన ఆయనకు జానెడు దూరంలో, రుమాలు చుట్టిన చేతిని గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అది ఆయనకు కనబడుతూనే ఉంది.

“ఉన్నరు మామా.”

“ఇంకోపారి చెప్పు.”

“అందరున్నరు. తెరువుండ్రి.”

అప్పుడు తిప్పాడు. గది నిండింది, ఇరుసు కదిలింది. గట్టు కింద నీళ్లు చప్పుడు చేయకుండా గద్దెలవైపు పోయాయి.

ఆ ఏడు మా గద్దెలో మూడో వంతు తాలు పోయింది. పంపన్నకు అంతకన్నా ఎక్కువే పోయింది. ఎగువన, చక్రం దిగని నీళ్లు పారిన జవళగేర పొలాల్లో కూడా తాలు పడిందని మా ఆయన విని వచ్చి చెప్పాడు. మామగారు దాన్ని నమ్మినట్టు కనబడలేదు. కళ్లంలో తూర్పారబడుతుంటే పంపన్న వచ్చాడు. గాలికి కొట్టుకుపోయిన పొల్లును దోసిట్లోకి తీసుకుని, మామగారి మొహం ముందు పెట్టాడు.

“చూసినవా? చక్రమో ఇల్లో అన్నవు గద. మరి అడిగినవా వాన్ని?”

మామగారు చేట దించలేదు.

“వాడింకా ఎడమచేత్తోనే తింటున్నడు. ముందు ఆ చెయ్యి మంచిగ కానీ, అప్పుడు అడుగుత.”

పుష్యమాసం దాటకముందే మా ఆయన కుడిచేత్తో ముద్ద కలుపుకున్నాడు. ఆ పూట తండ్రీ కొడుకులు ఎదురెదురుగానే కూర్చున్నారు. మామగారు ఆ చేతినే చూస్తూ ఉన్నాడు. తరువాత, కొంచెం పుంటికూర వెయ్యమని నాతోనే అన్నాడు.